త్రికోణమితీయ సర్వసమీకరణాలు: నిరూపణ పద్ధతి

త్రికోణమితీయ సర్వసమీకరణం అంటే సైన్, కొసైన్, టాంజెంట్ వంటి నిష్పత్తులతో ఏర్పడి, ఆ నిష్పత్తులకు అర్థం ఉన్న ప్రతి కోణానికీ నిజమయ్యే సమానత్వం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో పిల్లలకు ఇది పదో తరగతిలో మొదటిసారి ఎదురవుతుంది. అంతవరకు లెక్క అంటే జవాబు రాబట్టడం. ఇక్కడ జవాబు ప్రశ్నలోనే అచ్చై ఉంటుంది. అక్కడికి చేరే దారి ఒక్కటే రాయాలి. నిజామాబాద్‌కు ఉత్తరాన ఉన్న మాక్లూర్‌లోనైనా, బోధన్ చెరుకు పల్లెల్లోనైనా ఈ అధ్యాయం దగ్గర తడబాటు చాలావరకు లెక్క చేయడం రాక వచ్చేది కాదు, ఈ తేడా పట్టుబడక వచ్చేది.

నిజామాబాద్, బోధన్ ప్రాంతానికి ఈ విషయంతో మరో ముడి కూడా ఉంది. సైన్ పట్టికను శ్లోకంలో ఇమిడ్చిన ఆర్యభటుణ్ణి ప్రాచీన వ్యాఖ్యాతలు అశ్మక దేశంతో కలిపి చెప్పారు. ఆ అశ్మకానికి రాజధాని అయిన పోదన నేటి బోధనే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

నిర్వచనం, సంకేతాలు (చూ. సమీకరణం, సరూప త్రిభుజాలు)

లంబకోణ త్రిభుజంలో ఒక లఘుకోణాన్ని తీటా అనుకుంటే, దానికి ఎదుటి భుజం ‘ఎ’, ఆసన్న భుజం ‘ఆ’, కర్ణం ‘క’. అప్పుడు

సైన్ తీటా = ఎ/క, కాస్ తీటా = ఆ/క, టాన్ తీటా = ఎ/ఆ

కొసెక్ తీటా = క/ఎ, సెక్ తీటా = క/ఆ, కాట్ తీటా = ఆ/ఎ

త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా కోణం మారనంతవరకు ఈ నిష్పత్తులు మారవు. సరూప త్రిభుజాల అనురూప భుజాలు ఒకే నిష్పత్తిలో ఉండటమే కారణం. తెలంగాణ పాఠ్యపుస్తకంలో సరూప త్రిభుజాలు 8వ అధ్యాయంగా, త్రికోణమితి 11వ అధ్యాయంగా రావడంలోని తర్కం ఇదే.

సమీకరణానికీ సర్వసమీకరణానికీ తేడా ఒక ఉదాహరణతో తేలిపోతుంది. ‘సైన్ తీటా + కాస్ తీటా = 1’ అన్నది 0° దగ్గర నిజం, 90° దగ్గరా నిజం. 45° దగ్గర మాత్రం ఎడమవైపు √2, అంటే సుమారు 1.414 వస్తుంది. కాబట్టి అది కొన్ని కోణాలకే సరిపోయే సమీకరణం. ‘సైన్² తీటా + కాస్² తీటా = 1’ అలా కాదు, ఏ కోణం తీసుకున్నా నిలుస్తుంది. రెండు మూడు కోణాలు వేసి చూసి నిరూపణ అయిపోయిందనుకోవడం పొరపాటని మొదటి ఉదాహరణే చెబుతోంది. తప్పని తేల్చడానికి ఒక్క కోణం చాలు. నిజమని తేల్చడానికి ఎన్ని కోణాలు వేసినా చాలవు.

సంకేతం దగ్గర ఒక జాగ్రత్త అవసరం. సైన్² తీటా అంటే సైన్ విలువకు వర్గం. తీటాను వర్గం చేసి దానికి సైన్ కట్టడం కాదు. అలాగే సైన్ అన్నది తీటాను గుణించే సంఖ్య కాదు. తీటా లేకుండా ఒంటరిగా ‘సైన్’ అని రాస్తే దానికి అర్థం లేదు. జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే రెండు తప్పులు ఇవి.

పదచరిత్ర (చూ. జ్యా, చాపం)

తెలుగు మాధ్యమం విద్యార్థి వృత్తాల పాఠంలో ‘జ్యా’ అనే మాట నేర్చుకుంటాడు. వృత్తంపై రెండు బిందువులను కలిపే రేఖాఖండం జ్యా. కొన్నాళ్లకు త్రికోణమితిలో ‘సైన్’ నేర్చుకుంటాడు. ఈ రెండూ ఒకే మాట అన్న సంగతి అతనికి ఎక్కడా తారసపడదు.

సంస్కృతంలో జ్యా అంటే వింటినారి. వృత్తఖండం విల్లులా కనిపిస్తుంది కాబట్టి వక్రభాగానికి చాపమనీ, దాని కొనలను కలిపే గీతకు జ్యా అనీ పేర్లు వచ్చాయి. ఖగోళ గణనలో నిండు జ్యా కంటే దాని సగంతోనే పని ఎక్కువ. ఆ సగం ‘అర్ధజ్య’. వాడగా వాడగా ‘అర్ధ’ రాలిపోయి ‘జ్య’ మిగిలింది, ‘జీవ’ అనే పర్యాయపదమూ నడిచింది. అరబ్ పండితులు జీవను ‘జీబ’గా రాసుకున్నారు. అచ్చులు రాయని ఆ లిపిలో దాన్ని ‘జైబ్’ అని చదివే వీలుంది, ఆ భాషలో జైబ్ అంటే దుస్తుల మడత, ఎద భాగం. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవారు అదే అర్థం వచ్చే ‘సైనస్’ అని పెట్టారు. సైన్ అక్కడి నుంచి పుట్టింది. కొసైన్‌లోని ‘కో’ పూరకాన్ని సూచిస్తుంది: అది పూరక కోణపు సైన్. భారతీయ పరిభాషలో దాని పేరు కోటిజ్య.

నిజాం పాలనలో ఉర్దూ విద్యా భాషగా ఉండేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. ఉర్దూ గణిత పరిభాషలో సైన్‌కు పేరు జైబ్. అశ్మకం మీదుగా నడిచిన మాట అరబ్ దేశాలు తిరిగి, రూపం మార్చుకుని మళ్లీ గోదావరి తీరానికే వచ్చిందన్నమాట.

చరిత్ర (చూ. ఆర్యభటీయం, అశ్మక జనపదం, భుజ–కోటి–కర్ణ న్యాయం)

కోణానికీ జ్యాకూ సంబంధం పట్టికగా రాసే పని గ్రీకు ఖగోళవేత్తలు మొదలుపెట్టారు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన హిప్పార్కస్‌ను ఈ విషయంలో ఆద్యుడంటారు. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలెమీ తన అల్మజెస్ట్ గ్రంథంలో జ్యా పట్టిక ఇచ్చాడు. అది నిండు జ్యాల పట్టిక. అర్ధజ్యకు మారడం భారతదేశంలో జరిగింది.

ఆర్యభటుడు క్రీ.శ. 476లో పుట్టాడు, 499 నాటికి ఆర్యభటీయం రచించాడు. వృత్త పరిధిని 21,600 కళలుగా (కళ అంటే డిగ్రీలో 60వ వంతు) తీసుకుంటే వ్యాసార్ధం సుమారు 3438 కళలు అవుతుంది. ఈ వ్యాసార్ధానికి 3°45′ చొప్పున 90° దాకా 24 అర్ధజ్యలు లెక్కగట్టి, వాటి మధ్య భేదాలను తన సొంత అక్షర సంఖ్యా పద్ధతిలో ఒకే శ్లోకంలో ఇమిడ్చాడు. అందులో మొదటిది ‘మఖి’. ‘మ’ అంటే 25, ‘ఖి’ అంటే 200, కలిపితే 225. తర్వాత 224, 222, 219 అంటూ తగ్గుతూ చివరికి 7తో ముగుస్తుంది.

ఆ పట్టికతోనే మూల సర్వసమీకరణాన్ని, అంటే ‘సైన్² తీటా + కాస్² తీటా = 1’ను, సరిచూడవచ్చు. మొదటి ఎనిమిది భేదాలు కూడితే 30° జ్య: 1719. ఇది 3438లో సరిగ్గా సగం. పదహారు భేదాలు కూడితే 60° జ్య: 2978. ముప్పైకి పూరక కోణం అరవై కాబట్టి ఇదే 30° కోటిజ్య. రెంటి వర్గాలు 29,54,961, 88,68,484. మొత్తం 1,18,23,445. దీని వర్గమూలం సుమారు 3438.5. వ్యాసార్ధంతో తేడా అర కళ మాత్రమే, అదీ పట్టికలో పూర్ణాంకాలకు సవరించడం వల్ల వచ్చింది. 45° దగ్గర చూసినా అంతే. పన్నెండు భేదాల మొత్తం 2431, దాని వర్గానికి రెట్టింపు 1,18,19,522, వ్యాసార్ధ వర్గం 1,18,19,844. పదిహేను వందల ఏళ్ల నాటి పట్టిక పదో తరగతి సూత్రానికి ఇంత దగ్గరగా నిలుస్తుంది. అయితే ఇది సరిచూడటమే, నిరూపణ కాదు.

ఆర్యభటుడి స్వస్థలం గురించి ఏకాభిప్రాయం లేదు. తన గ్రంథంలో ఆయన పేర్కొన్నది కుసుమపురం. దాన్ని పాటలీపుత్రంగా గుర్తిస్తారు. 7వ శతాబ్దపు మొదటి భాస్కరుడు మాత్రం ఆర్యభటీయాన్ని అశ్మకతంత్రం అన్నాడు. కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి తన భాష్యంలో ఆర్యభటుడు అశ్మక జనపదంలో పుట్టాడని రాశాడు. షోడశ మహాజనపదాల్లో గోదావరి తీరాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధానిని బౌద్ధ వాఙ్మయం పోతన, పోతలి అంటుంది. ఆ పేరును బోధన్‌తో ముడిపెట్టే వాదానికి బలముంది గానీ, దాన్నిబట్టి ఆర్యభటుడు బోధన్ వాడని తేల్చి చెప్పడానికి ఆధారం చాలదు. జనపదం పెద్దది, రాజధాని ఒక ఊరు.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో వ్యాసార్ధాన్ని 120గా తీసుకున్నాడు. జ్య వర్గం, కోటిజ్య వర్గం కలిస్తే వ్యాసార్ధ వర్గం అవుతుందన్న సంబంధాన్నీ, ఒక కోణపు కోటిజ్య నుంచి సగం కోణపు జ్య రాబట్టే సంబంధాన్నీ వాడి పట్టిక నిర్మించాడు. ఆయనకు ఇవి నిరూపణ అభ్యాసాలు కావు, లెక్క తగ్గించే పనిముట్లు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన రెండో భాస్కరుడు ‘జ్యోత్పత్తి’ అనే భాగంలో రెండు కోణాల మొత్తానికి జ్య కట్టే సూత్రం ఇచ్చాడు. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లోని అబుల్ వఫా ఆరు నిష్పత్తులతోనూ పని చేశాడు. ‘త్రికోణమితి’కి సమానమైన లాటిన్ మాటను 1595లో జర్మనీకి చెందిన పిటిస్కస్ తన గ్రంథానికి పేరుగా పెట్టాడు. వ్యాసార్ధాన్ని 1గా తీసుకుని, సైన్‌ను పొడవుగా కాక నిష్పత్తిగా, ప్రమేయంగా చూసే నేటి అలవాటు 1748లో ఆయిలర్ గ్రంథంతో స్థిరపడింది. అందుకే వరాహమిహిరుడి 120 వర్గం ఉన్న చోట నేడు 1 కనిపిస్తుంది.

తెలుగులో గణితం 11వ శతాబ్దపు పావులూరి మల్లనతో మొదలవుతుంది. ఆయన సారసంగ్రహ గణితానికి మూలం 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహం. అంకగణితం, క్షేత్రగణితం ఉన్న ఆ సంప్రదాయంలో జ్యా పట్టికలకు చోటు లేదు; అవి జ్యోతిష సిద్ధాంత గ్రంథాల సొత్తుగా ఉండిపోయాయి. పై తరగతుల త్రికోణమితి తెలుగు పుస్తకాల్లో స్థిరంగా కుదురుకున్నది 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాకే.

మూల సర్వసమీకరణాలు (చూ. పైథాగరస్ సిద్ధాంతం)

పాఠశాల స్థాయి సర్వసమీకరణాలన్నిటికీ తల్లివేరు ఒకటే: కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం. సంస్కృత గణితంలో దీన్ని భుజ–కోటి–కర్ణ న్యాయం అన్నారు. దీర్ఘచతురస్రపు కర్ణానికి వర్తింపజేస్తూ బౌధాయన శుల్బసూత్రం దీన్ని చెప్పింది. ఇల్లు కట్టే మేస్త్రీకి ఇది మరో రూపంలో తెలుసు. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగ్గా ఉందా అని చూడటానికి ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు కొలిచి, మధ్యన 5 అడుగులు వచ్చేదాకా దారం జరుపుతాడు.

నిరూపణ మొదటి మెట్టు: ఎ² + ఆ² = క².

రెండో మెట్టు: కర్ణం సున్నా కాదు కాబట్టి ప్రతి పదాన్నీ క²తో భాగించాలి. (ఎ/క)² + (ఆ/క)² = 1.

మూడో మెట్టు: ఎ/క అంటే సైన్ తీటా, ఆ/క అంటే కాస్ తీటా. కాబట్టి

సైన్² తీటా + కాస్² తీటా = 1

మేస్త్రీ త్రిభుజంలో 3 అడుగుల భుజానికి ఎదుటి కోణం తీసుకుంటే సైన్ 3/5, కాస్ 4/5. వర్గాలు 9/25, 16/25. మొత్తం 25/25.

క²కు బదులు ఆ²తో భాగిస్తే టాన్² తీటా + 1 = సెక్² తీటా. ఎ²తో భాగిస్తే 1 + కాట్² తీటా = కొసెక్² తీటా. మూడు సూత్రాలను విడివిడిగా బట్టీ పట్టే విద్యార్థి సెక్, కొసెక్‌ల జతలను తారుమారు చేసుకుంటాడు. ఒకే వాక్యాన్ని మూడుసార్లు భాగించిన ఫలితంగా చూసినవాడికి ఆ ఇబ్బంది ఉండదు. రెండో సూత్రానికి ‘ఆ’ సున్నా కాకూడదు, అంటే 90° వర్జ్యం. మూడో దానికి 0° వర్జ్యం. మొదటి దానికి ఏ నిషేధమూ లేదు.

త్రిభుజంలో లంబకోణం పోగా మిగిలినవి లఘుకోణాలే. మరి 90° దాటితే? 1 యూనిట్ వ్యాసార్ధంతో మూలబిందువు చుట్టూ వృత్తం గీసి, దానిపై బిందువు నిరూపకాలను (కాస్ తీటా, సైన్ తీటా)గా నిర్వచిస్తారు. వృత్త సమీకరణమే అప్పుడు మూల సర్వసమీకరణం అవుతుంది. ఇంటర్మీడియట్‌లో ఈ నిర్వచనమే ఆధారం.

నిరూపణ నడిచే తీరు (చూ. క.సా.గు.; సంయుగ్మం; కారణాంక విభజన)

నిరూపణ అంటే ఒక వైపుతో మొదలుపెట్టి, ప్రతి మెట్టుకూ కారణం చూపుతూ రెండో వైపుకు చేరడం. సాధారణంగా చిక్కుగా ఉన్న వైపును ఎత్తుకుంటారు. పెద్దదాన్ని విప్పి చిన్నదాన్ని చేయడం, చిన్నదాన్ని పెంచి పెద్దది చేయడం కంటే తేలిక.

అన్నింటికంటే విరివిగా పనికొచ్చే ఉపాయం మొత్తాన్ని సైన్, కాస్‌లలోకి దించడం.

టాన్ తీటా + కాట్ తీటా = సెక్ తీటా × కొసెక్ తీటా అని చూపాలి. ఎడమవైపు సైన్/కాస్ + కాస్/సైన్ అవుతుంది. క.సా.గు. సైన్ × కాస్. లవం సైన్² + కాస్², అంటే 1. మిగిలింది 1/(సైన్ × కాస్). దీన్ని (1/కాస్) × (1/సైన్)గా విడదీస్తే కుడివైపు వచ్చేసింది. ఈ నాలుగు మెట్లలో మూల సూత్రం వాడింది ఒక్కచోటే, మిగతాదంతా భిన్నాల కూడిక. త్రికోణమితిలో పోయే మార్కుల్లో సగం నిజానికి ఆరో తరగతి భిన్నాల దగ్గర పోతాయని ఉపాధ్యాయులు అనేది ఇందుకే.

ఇదే దారిలో మరో ఫలితం వస్తుంది: సెక్² తీటా + కొసెక్² తీటా = సెక్² తీటా × కొసెక్² తీటా. రెండు సంఖ్యల మొత్తం, లబ్ధం సమానం కావడం మామూలుగా జరగదు. ఇక్కడ 45° దగ్గర 2 + 2 = 2 × 2. 30° దగ్గర 4/3 + 4, 4/3 × 4, రెండూ 16/3.

రెండో ఉపాయం సంయుగ్మంతో గుణించడం. సైన్ తీటా/(1 − కాస్ తీటా) = కొసెక్ తీటా + కాట్ తీటా అనేదాన్ని తీసుకుందాం. హారంలో 1 − కాస్ ఉంది కాబట్టి లవహారాలను 1 + కాస్‌తో గుణించాలి. హారం 1 − కాస్², అంటే సైన్². లవంలోని సైన్‌తో ఒక సైన్ కొట్టేస్తే (1 + కాస్)/సైన్ మిగులుతుంది. దాన్ని విడదీస్తే 1/సైన్ + కాస్/సైన్. కరణులను అకరణీయం చేసేటప్పుడు తొమ్మిదో తరగతిలో నేర్చిన కిటుకే ఇది, వేషం మారింది.

మూడోది మొదట చూసినప్పుడు ఎవరికీ తట్టదు: 1ని విప్పడం. (టాన్ తీటా + సెక్ తీటా − 1)/(టాన్ తీటా − సెక్ తీటా + 1) = (1 + సైన్ తీటా)/కాస్ తీటా అన్నది పదో తరగతి సాధనల్లో పేరుమోసిన చిక్కు లెక్క. సైన్, కాస్‌లలోకి మార్చి చేయవచ్చు గానీ దారి పొడవు. లవంలోని 1 స్థానంలో సెక్² − టాన్² పెడితే, అది (సెక్ + టాన్)(సెక్ − టాన్)గా విడిపోతుంది. లవం మొత్తంలో సెక్ + టాన్ ఉమ్మడి కారణాంకం. బయటికి తీస్తే లోపల 1 − సెక్ + టాన్ మిగులుతుంది. హారం కూడా అచ్చంగా అదే! రెండూ పోగా మిగిలింది సెక్ + టాన్, అంటే (1 + సైన్)/కాస్. ఇక్కడ 0° దగ్గర ఎడమవైపు హారం సున్నా అవుతుంది, కుడివైపు 1 వస్తుంది. రెండు వైపులా అర్థం ఉన్న కోణాలకే సర్వసమీకరణం వర్తిస్తుందన్న నియమం ఎందుకుందో ఈ ఒక్క కోణం చూపిస్తుంది.

దోషాలు, భిన్నాభిప్రాయాలు (చూ. చక్రీయ వాదం, విపర్యయం)

నిరూపించాల్సినదాన్నే నిజమనుకుని మొదలుపెట్టడం పెద్ద దోషం. రెండు వైపులా వర్గం చేసి సమానం వచ్చిందని చూపినా చాలదు: 3, −3 సమానం కావు, వాటి వర్గాలు సమానం. అడ్డగుణకారం చేయవచ్చా అనే దానిపై రెండు మాటలున్నాయి. ఒక వర్గం ఉపాధ్యాయులు దాన్ని పూర్తిగా వద్దంటారు. ప్రతి మెట్టునూ వెనక్కి నడిపించగలిగితే, భాగించేది సున్నా కాదని చెప్పుకుంటే తర్కానికి లోటు లేదని మరో వర్గం వాదన. తార్కికంగా రెండోది సరైనదే. అయితే వెనక్కి నడిచే మెట్టు ఏదో పోల్చుకోలేని దశలో పిల్లలకు మొదటి నియమమే క్షేమం. రెండు వైపులనూ విడివిడిగా సూక్ష్మీకరించి, రెండూ ఒకే రూపానికి వచ్చాయని చూపడాన్ని అందరూ ఒప్పుకుంటారు.

వర్గమూలం ఉన్నచోట గుర్తు సంగతి చూడాలి. √((1 + సైన్ తీటా)/(1 − సైన్ తీటా)) = సెక్ తీటా + టాన్ తీటా అనే లెక్క తెలుగునాట తెలియని పదో తరగతి విద్యార్థి ఉండడు. లోపల సంయుగ్మంతో గుణిస్తే (1 + సైన్)²/కాస్² వస్తుంది, వర్గమూలం తీస్తే (1 + సైన్)/కాస్. లఘుకోణాలకు ఇది నిజం. 120° వేసి చూస్తే ఎడమవైపు సుమారు 3.732, కుడివైపు −3.732. కాస్² వర్గమూలం కాస్ కాదు, కాస్ పరమమూల్యం. పాఠ్యపుస్తకం 90° లోపలే ఉండటం వల్ల ఈ లెక్క అక్కడ బతికి బట్టకడుతోంది.

మూల సర్వసమీకరణంతో పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపించడం చక్రీయ వాదం. ఆ సమీకరణం ఈ సిద్ధాంతం నుంచే వచ్చింది. అందువల్ల త్రికోణమితితో పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపించడం అసాధ్యమని ఆ సిద్ధాంతపు నిరూపణలను గ్రంథంగా కూర్చిన ఎలీషా లూమిస్ రాశాడు. 2009లో జేసన్ జింబా రెండు కోణాల భేదానికి చెందిన సూత్రాలతో చక్రంలో పడని దారి చూపాడు. 2023లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌కు చెందిన ఇద్దరు హైస్కూలు విద్యార్థినులు నికియా జాక్సన్, కాల్సియా జాన్సన్ సైన్ సూత్రం ఆధారంగా మరో నిరూపణ చెప్పారు. 2024లో వారి వ్యాసం అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీలో వెలువడింది.

విస్తృత కుటుంబం (చూ. సంయుక్త కోణాలు, పరివర్తనలు)

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం గణితంలో ఈ కుటుంబం పెరుగుతుంది. రెండు కోణాల మొత్తం, భేదం, గుణిజ కోణాలు, ఉపగుణిజ కోణాలు, లబ్ధాలను మొత్తాలుగా మార్చే పరివర్తనలు వస్తాయి. సంవర్గమానాలు రాకముందు 16వ శతాబ్దపు ఐరోపా ఖగోళవేత్తలు పెద్ద సంఖ్యల గుణకారాన్ని కూడికగా మార్చుకోవడానికి ఈ పరివర్తనలనే వాడుకున్నారు. రెండు కోణాల భేదపు కొసైన్ సూత్రంలో రెండు కోణాలనూ సమానం చేస్తే సైన్², కాస్²ల మొత్తం 0° కొసైన్, అంటే 1 అని తేలుతుంది. పదో తరగతి సూత్రం ఇక్కడ ప్రత్యేక సందర్భమై కనిపిస్తుంది.

పాఠశాలలో స్థానం (చూ. ఎస్సెస్సీ పరీక్షలు)

తెలంగాణ పదో తరగతి గణితంలో 14 అధ్యాయాలున్నాయి. 11వది త్రికోణమితి, 12వది దాని అనువర్తనాలు. గణితం రెండు పేపర్లుగా ఉన్న కాలంలో ఈ రెండూ రెండో పేపర్లో వచ్చేవి. 2022–23లో ఆరు పేపర్ల పద్ధతి ఖాయమయ్యాక గణితమంతా ఒకే పేపరైంది. నిజామాబాద్ జిల్లా పిల్లలకు పదో తరగతి మార్కుల విలువ మరికాస్త ఎక్కువ. గోదావరి దాటగానే ఉన్న బాసరలో 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం ఆరేళ్ల కోర్సులో ప్రవేశాలకు పదో తరగతి ఫలితాలే ఆధారం. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లోనూ ఇదే గణితం అడుగుతారు.

పరిభాష మరో సమస్య. 2022–23లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టి, రెండు భాషలూ పక్కపక్కనే ఉండే పుస్తకాలు ఇచ్చారు. తరగతి గదిలో అంతకుముందూ శుద్ధ తెలుగు లేదు. పుస్తకంలో ‘సర్వసమీకరణం’ అని ఉన్నా, నల్లబల్లమీద ‘ఎల్.హెచ్.ఎస్.’, ‘ఆర్.హెచ్.ఎస్.’ అనే రాస్తారు, ‘సైన్ స్క్వేర్ తీటా’ అనే పలుకుతారు. కర్ణం, ఎదుటి భుజం, ఊర్ధ్వకోణం మాత్రం తెలుగులోనే నిలిచాయి.

ఉపయోగాలు (చూ. ఎత్తులు–దూరాలు, మహా త్రికోణమితీయ సర్వే)

చక్కెర కర్మాగారం పొగగొట్టం ఎత్తు ఎక్కకుండానే తెలుసుకోవచ్చు. ఒకచోట నిలబడి చూస్తే ఊర్ధ్వకోణం 30° ఉంది, గొట్టం వైపు 60 మీటర్లు నడిచాక 60° అయింది అనుకుందాం. మొదటి దూరం ఎత్తుకు √3 రెట్లు, రెండోది ఎత్తును √3తో భాగించినంత. తేడా 60 మీటర్లు కాబట్టి ఎత్తు 30√3, అంటే సుమారు 52 మీటర్లు.

ఇదే పని దేశం మొత్తానికి చేసింది మహా త్రికోణమితీయ సర్వే. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి దీన్ని మొదలుపెట్టాడు. ఒక భుజాన్ని గొలుసుతో కొలిచి, రెండు కోణాలను థియోడలైట్‌తో చూస్తే, మిగతా భుజాలను సైన్ సూత్రం ఇస్తుంది: ప్రతి భుజానికీ దాని ఎదుటి కోణపు సైన్‌కూ ఉన్న నిష్పత్తి సమానం. ఆ భుజంపై మరో త్రిభుజం, దానిపై ఇంకొకటి. కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి సాగిన ప్రధాన వరుస 78° తూర్పు రేఖాంశానికి దగ్గరగా నడిచింది. నిజామాబాద్, బోధన్‌లు ఉన్నదీ ఆ రేఖాంశం పరిసరాల్లోనే. 1815లో నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర మరో ఆధారరేఖ కొలిచి, అంతవరకు లెక్కల్లో వచ్చిన పొడవులను సరిచూశారు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో మరణించాక జార్జ్ ఎవరెస్ట్ ఆ వరుసను హిమాలయాల పాదాల దాకా తీసుకెళ్లాడు.

ఈ త్రిభుజాల భుజాలు మైళ్ల కొద్దీ పొడవు ఉండటంతో భూమి గుండ్రదనం లెక్కలోకి వచ్చింది. వాటి మూడు కోణాల మొత్తం 180° కంటే కొన్ని వికళలు (కళలో 60వ వంతులు) ఎక్కువ వస్తుంది. ఆ మిగులును సరిచేశాకే సమతల సూత్రాలు వాడేవారు. గోళం మీద కూడా ప్రతి కోణానికీ సైన్², కాస్²ల మొత్తం 1గానే ఉంటుంది. మారేది భుజ–కోటి–కర్ణ న్యాయం: అక్కడ కర్ణపు కొసైన్ మిగతా రెండు భుజాల కొసైన్‌ల లబ్ధానికి సమానం.